చౌటుప్పల్ దాటాక ఎఫ్‌ఎం ఎందుకు ఆగిపోతుంది? కమ్యూనికేషన్స్ సబ్జెక్టును చెవితో నేర్చుకునే దారి

ఎల్బీనగర్‌లో నల్గొండ బస్సు ఎక్కి, ఫోన్‌కు ఇయర్‌ఫోన్ తగిలించి రేడియో పెట్టండి. డేటాతో నడిచే యాప్ కాదు, అసలైన ఎఫ్‌ఎం. హయత్‌నగర్ దాకా పాట పక్కన కూర్చుని పాడుతున్నట్టే ఉంటుంది. ఇంకొంచెం ముందుకెళ్తే అక్కడక్కడా గరగర మొదలవుతుంది. చౌటుప్పల్ అటూ ఇటూగా పాట తునకలు తునకలై, కాసేపటికి ఉత్త హోరు మిగులుతుంది. అదే మీరు నల్గొండలో దిగి, ఇంటికెళ్లి, అటక మీది పాత ట్రాన్సిస్టర్ దించి మీడియం వేవ్‌లో 738 దగ్గర ముల్లు పెడితే ఆకాశవాణి హైదరాబాద్ ఎ కేంద్రం మాట్లాడుతూనే ఉంటుంది. గొంతు కొంచెం మందంగా ఉంటుంది, అంతే.

ఈ రెండింటికీ తేడా ఎందుకో మీ మాటల్లో చెప్పగలిగితే అనలాగ్ అండ్ డిజిటల్ కమ్యూనికేషన్స్‌లో సగం వచ్చేసినట్టే. నేను ఈ జిల్లాలోనే ఈసీఈ పిల్లలకు ల్యాబ్ చెప్తాను. ఏటా చూసేది ఒకటే. డెరివేషన్ అక్షరం పొల్లు పోకుండా రాస్తారు, గొంతును మోసే రేడియో తరంగం గురించి "క్యారియర్ ఎందుకమ్మా?" అంటే మాత్రం ఆగిపోతారు. తెలివి తక్కువై కాదు. సిగ్నల్‌ను ఎవరూ వాళ్లకు వినిపించలేదు. ఈ సబ్జెక్టులో ప్రతి పద్ధతీ దాని ముందు పద్ధతిలో ఉన్న ఒక ఇబ్బందికి జవాబుగా పుట్టింది. ఆ ఇబ్బందిని ముందు చెవితో వినండి. తర్వాత లెక్క తనంతట తానే అర్థమవుతుంది.

ముందు చేతిలో ఉండాల్సినవి

ఒక పాత ట్రాన్సిస్టర్ రేడియో, వీలైతే రెండు. కొత్తగా వచ్చే చిన్న డిజిటల్ రేడియోలు మనకు పనికిరావు, ముల్లు తిరిగే పాతవే కావాలి. ఊళ్లో తాతల దగ్గర అడిగితే దొరుకుతాయి. లోపల సెల్స్ కారి స్ప్రింగులకు పచ్చగా చిలుము పట్టి ఉంటే సన్న గరుకు కాగితంతో రుద్దితే చాలాసార్లు మళ్లీ పాడతాయి. లాప్‌టాప్‌లో ఆక్టేవ్ గానీ పైథాన్ గానీ వేసుకోండి, రెండూ ఉచితమే. జేఎన్‌టీయూహెచ్ ఈసీఈ సిలబస్‌లో ఈ పేపర్ రెండో ఏడాది రెండో సెమిస్టర్‌లో వస్తుంది. ముందు సెమిస్టర్లోని సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ నుంచి ఒక్క సంగతి గట్టిగా గుర్తుంటే చాలు: రెండు సైన్ వేవ్‌లను గుణిస్తే వాటి ఫ్రీక్వెన్సీల కూడిక ఒకటి, తేడా ఒకటి వస్తాయి. మాడ్యులేషన్ (గొంతును క్యారియర్ మీదికి ఎక్కించడం) నుంచి రిసీవర్ దాకా ఈ ఒక్క గుణకారమే వేషాలు మార్చుకుని తిరుగుతుంది.

మొదటి వారం డీబీకి ఇవ్వండి

చాలామంది దీన్ని దాటేసి తర్వాత అవస్థ పడతారు. డీబీ అంటే డెసిబెల్, ఒక పవర్ ఇంకోదానికి ఎన్ని రెట్లో చెప్పే కొలత. రెండు గుర్తులు చాలు. పవర్ రెండింతలైతే 3 డీబీ, పదింతలైతే 10 డీబీ. మిగతావన్నీ వీటితో నోటి మీద కట్టేయొచ్చు. 17 డీబీ అంటే 20లోంచి 3 తీసేయడం, అంటే వందలో సగం, యాభై రెట్లు.

సాధన కోసం ఫోన్ సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్ తెరవండి. సిగ్నల్ బలం మైనస్ 90, మైనస్ 100 అంటూ డీబీఎంలో కనిపిస్తుంది. 0 డీబీఎం అంటే ఒక మిల్లీవాట్. వంటింట్లో ఒకసారి, డాబా మీద ఒకసారి చూసి రాసుకోండి. లోపల మైనస్ 100, పైన మైనస్ 80 ఉంటే డాబా మీద వంద రెట్లు పవర్ దొరుకుతోందన్నమాట. మైనస్ 100 డీబీఎం అంటే వాట్‌లో పది లక్షల కోట్ల వంతు. అంత చిన్న పవర్‌తోనూ మన ఫోన్ పని చేస్తుంది. ఆ మాట ఒకసారి మనసుకు పడితే నాయిస్ (సిగ్నల్‌లో కలిసే హోరు) చాప్టర్ ఎందుకుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

హైదరాబాద్ నుంచి ఒక గొంతు వెంట నడవండి

ఇప్పుడు ఆ 738 దగ్గరికి రండి. స్టూడియోలో వార్తలు చదివే మనిషి గొంతును ఉన్నదున్నట్టు గాలిలోకి పంపాలనుకోండి. 3 కిలోహెర్ట్జ్ శబ్దాన్ని రేడియో తరంగంగా పంపితే దాని పొడవు 100 కిలోమీటర్లు. యాంటెన్నా అందులో పావు వంతన్నా ఉండాలంటే 25 కిలోమీటర్లు. నల్గొండలో మొదలుపెట్టిన స్తంభం నార్కట్‌పల్లి దాటిపోతుంది. 738 కిలోహెర్ట్జ్‌కు తరంగం పొడవు దాదాపు 406 మీటర్లు, పావు వంతు 100 మీటర్ల పైచిలుకు. అది కట్టగలిగే టవర్. "క్యారియర్ ఎందుకు?" అన్న వైవా ప్రశ్నకు ఈ రెండు లెక్కలు చెప్పండి, ఇంకేం అడగరు. కావాలంటే మరొకటి కలపండి: గొంతులన్నీ ఒకే ఫ్రీక్వెన్సీ మీద వస్తే ఏదీ విడిగా వినిపించదు, క్యారియర్ ఒక్కో కేంద్రానికి ఒక్కో ఇంటి నంబర్ లాంటిది.

మన దగ్గర మీడియం వేవ్ కేంద్రాల మధ్య దూరం 9 కిలోహెర్ట్జ్. 738ని 9తో భాగించి చూడండి, శేషం ఉండదు. ఒక కేంద్రానికి 9 కిలోహెర్ట్జే చోటు, ఏఎంలో, అంటే గొంతుకు తగ్గట్టు తరంగం ఎత్తు మారే పద్ధతిలో, ఆ చోటును క్యారియర్‌కు అటూ ఇటూ ఉండే రెండు సైడ్‌బ్యాండ్లు చెరి సగం పంచుకోవాలి కాబట్టి గొంతుకు మిగిలేది 4.5 కిలోహెర్ట్జ్. 733.5 నుంచి 742.5 దాకా. రేడియోలో గొంతు మందంగా వినిపించడానికి ఇదొక కారణం. పుస్తకంలో బ్యాండ్‌విడ్త్ రెండు ఎఫ్‌ఎం అని రాసేది దీన్నే. ఇక్కడ ఎఫ్‌ఎం అంటే మెసేజ్ ఫ్రీక్వెన్సీ, రేడియోలోని ఎఫ్‌ఎం కాదు. ఈ రెండూ కలిపేసుకునే పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు.

ఇక పవర్. క్యారియర్ 100 కిలోవాట్లు, మాడ్యులేషన్ ఇండెక్స్ (గొంతు క్యారియర్ ఎత్తును ఎంత ఊపుతుందన్న కొలత) 1 అనుకోండి. సైడ్‌బ్యాండ్లు రెండూ కలిపి 50, మొత్తం 150. గొంతు ఉన్నది ఆ 50లోనే. మూడింట రెండు వంతుల కరెంటు, ఏ సమాచారమూ మోయని క్యారియర్‌కే పోతోంది. ఇండెక్స్ 0.5కు తగ్గితే సైడ్‌బ్యాండ్లకు దక్కేది 12.5 కిలోవాట్లే, మొత్తంలో 11 శాతం. ఈ దుబారా చూసి మీకే అనిపించాలి, క్యారియర్ తీసేస్తే పోదా అని. అదే డీఎస్‌బీ. రెండు సైడ్‌బ్యాండ్లలో ఉన్నది ఒకటేగా, ఒకటి చాలదా? అదే ఎస్‌ఎస్‌బీ. మరి ఆకాశవాణి ఈ దుబారా ఎందుకు భరించింది? క్యారియర్ పక్కనే ఉంటే ఒక డయోడు, ఒక కెపాసిటర్, ఒక రెసిస్టర్‌తో గొంతు బయటికొస్తుంది. లక్షల ఇళ్లలో రేడియో చవగ్గా ఉండాలంటే ఖర్చంతా ఒక్క ట్రాన్స్‌మిటర్ దగ్గర పెట్టడమే మేలు.

ల్యాబ్‌లో ఆ మూడు వస్తువులు

డయోడ్ డిటెక్టర్ ప్రయోగాన్ని కంగారుగా చేయకండి, నేను అలా చేసి ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. ట్రైనర్ కిట్‌లో ఏఎం వేవ్ చక్కగా వస్తోంది, పైకొసా కిందికొసా కొలిస్తే ఇండెక్స్ 0.5. డిటెక్టర్ మాత్రం సైన్ వేవ్‌కు బదులు రంపపు పళ్లలాంటి ఆకారం ఇస్తోంది. ఎక్కేటప్పుడు గుండ్రంగా ఎక్కుతుంది, దిగేటప్పుడు మాత్రం ఏటవాలుగా గీత గీసినట్టు జారుతుంది. కిట్ పాడైందనుకుని మార్చాను. సీఆర్‌ఓ (తరంగాన్ని తెర మీద చూపే పరికరం) ప్రోబ్ మార్చాను. చివరికి కెపాసిటర్ చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూస్తే దాని మీద 104 అని ఉంది. కావలసింది 102.

102 అంటే 10 పక్కన రెండు సున్నాలు, వెయ్యి పైకోఫారడ్లు, ఒక నానోఫారడ్. 104 అంటే లక్ష పైకోఫారడ్లు. వంద రెట్ల తేడా. 10 కిలోఓమ్‌ల రెసిస్టర్‌తో మొదటిది 10 మైక్రోసెకన్ల టైమ్ కాన్‌స్టంట్ ఇస్తుంది, రెండోది ఒక మిల్లీసెకను. ఇప్పుడు మన 738 కేంద్రంతో పోల్చండి. క్యారియర్ ఒక చుట్టుకు 1.36 మైక్రోసెకన్లు పడుతుంది, 4.5 కిలోహెర్ట్జ్ శబ్దానికి 222 మైక్రోసెకన్లు. టైమ్ కాన్‌స్టంట్ ఈ రెంటికీ మధ్యలో ఉండాలి. 10 సరిగ్గా కుదురుతుంది. 1000 అయితే కెపాసిటర్ ఖాళీ అయ్యేలోపు గొంతు కిందికి దిగి మళ్లీ పైకొచ్చేస్తుంది. పుస్తకంలో డయాగనల్ క్లిప్పింగ్ అని రెండు లైన్లలో ఉండేది ఇదే. ఆ రోజు నుంచి పిల్లలను ఆ తప్పు కావాలనే చేయమంటాను: ముందు 104 పెట్టండి, చూడండి, నోట్‌బుక్‌లో గీయండి, తర్వాత 102 పెట్టండి. డయోడు కూడా ఓఏ79 లాంటి జెర్మేనియంది తీసుకోండి. సిలికాన్‌కు 0.7 వోల్టుల దాకా కావాలి, చిన్న సిగ్నల్ అసలు గడప దాటదు.

రెండు రేడియోల ప్రయోగం

ఇది నాకు అన్నింటికన్నా ఇష్టమైనది, పైసా ఖర్చు లేనిది. రాత్రి భోజనాలయ్యాక రెండు పాత ట్రాన్సిస్టర్లను పక్కపక్కన, జానెడు దూరంలో పెట్టండి. మొదటిదాన్ని 738 మీద ఉంచి సౌండ్ బాగా తగ్గించండి. రెండోదాన్ని 1193 దగ్గరికి తెచ్చి, ముల్లును వెంట్రుకవాసి అటూ ఇటూ కదపండి. ఒకచోట హోరు ఒక్కసారిగా సద్దుమణుగుతుంది. ఆ దాపులో ఏదైనా బలహీనమైన కేంద్రం వస్తుంటే "కుయ్‌ఁ" మని సన్నగా ఈల వినిపిస్తుంది. ఇప్పుడు మొదటి రేడియో ముల్లు మెల్లిగా తిప్పండి. ఈల స్వరం దిగి, మాయమై, మళ్లీ ఎక్కుతుంది. ముట్టుకోనిది రెండో రేడియో, పాట మారుతున్నది దానిలో.

738కి 455 కలపండి. 1193. మొదటి రేడియో లోపలి లోకల్ ఆసిలేటర్ (తనే ఒక తరంగాన్ని పుట్టించే సర్క్యూట్) ఆ ఫ్రీక్వెన్సీ మీద ఆడుతోంది, అందులో కొంచెం బయటికి చిందుతోంది. సూపర్‌హెటరోడైన్ రిసీవర్‌లో ఏ కేంద్రం పట్టుకున్నా 455 కిలోహెర్ట్జ్‌కు దించి అక్కడే పెద్దది చేస్తారని పుస్తకం చెప్తుంది. మీరు దాన్ని చెవితో పట్టుకున్నారు. ఇక ఇమేజ్ ఫ్రీక్వెన్సీ మర్చిపోలేరు: ఆసిలేటర్‌కు ఇవతల 455 దూరంలో 738 ఉంటే, అవతల అంతే దూరంలో 1648 ఉంది. గుణకారం ఇద్దరికీ ఒకే తేడా ఇస్తుంది, కాబట్టి ఇద్దరూ లోపలికొస్తారు. ముందు గుమ్మంలోనే ఒకరిని ఆపడానికి ఆర్‌ఎఫ్ ట్యూన్డ్ సర్క్యూట్.

ఆసిలేటర్ పైనే ఎందుకుండాలి, కింద ఉంటే ఏం? మీరే లెక్క కట్టండి. బ్యాండ్ 530 నుంచి 1605 అనుకుంటే, పైన పెడితే ఆసిలేటర్ 985 నుంచి 2060 దాకా తిరగాలి, రెండింతలకు కొంచెం ఎక్కువ. కింద పెడితే 75 నుంచి 1150 దాకా, పదిహేను రెట్లు. ఒక గ్యాంగ్ కండెన్సర్ (ముల్లుతో పాటు తిరిగే కెపాసిటర్) అంత తిరగలేదు. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1918లో ఆలోచించిన పద్ధతి ఇది. అటక మీది రేడియోలోనూ అదే ఉంది.

ఎఫ్‌ఎం దగ్గర ఆగి వినండి

మా నాయన బత్తాయి తోట దగ్గర రేడియో వింటుంటే పక్కన బోరు మోటార్ స్టార్టర్ వేసిన ప్రతిసారీ "గర్ర్" మనేది. ఉరుము మెరుపుకూ అంతే. స్టార్టర్ నిప్పురవ్వ, మెరుపు తరంగం ఎత్తును చెడగొడతాయి. ఏఎంలో గొంతు ఉన్నది ఆ ఎత్తులోనే. గొంతును ఎత్తులో కాకుండా ఫ్రీక్వెన్సీ ఊగులాటలో దాచితే, రిసీవర్‌లో ఎత్తును లిమిటర్‌తో కత్తిరించి పారేసినా పోయేదేమీ లేదు. 1930లలో ఈ వాదన గెలిపించినవాడు కూడా ఆ ఆర్మ్‌స్ట్రాంగే.

దానికి చెల్లించే ధర చోటు. ఊగులాట 75 కిలోహెర్ట్జ్, శబ్దం 15 కిలోహెర్ట్జ్ దాకా అయితే కార్సన్ సూత్రం ప్రకారం రెండింతలు 90, అంటే 180 కిలోహెర్ట్జ్. ఇరవై ఏఎం కేంద్రాలు పట్టే జాగా ఒక్క ఎఫ్‌ఎంకు. అంత జాగా మీడియం వేవ్‌లో లేదు, కాబట్టి 88 నుంచి 108 మెగాహెర్ట్జ్‌కు ఎక్కారు. అక్కడికి ఎక్కాక తరంగం నేలను అంటిపెట్టుకుని పోదు, దాదాపు చూపు ఆనినంత మేరే. టవర్ ఎత్తు, మన యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, రెంటి వర్గమూలాలు కూడి 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. 100 మీటర్ల టవర్, 2 మీటర్ల ఎత్తున బస్సు కిటికీ అనుకోండి: 47 కిలోమీటర్లు. చౌటుప్పల్ ఉన్నది సుమారు ఆ దూరంలోనే. మహబూబ్‌నగర్ వైపు పిల్లలు షాద్‌నగర్ దాటాక ఇదే లెక్క సరిచూసుకోవచ్చు.

బస్సులో ఇంకో సంగతి కూడా గమనించండి. ఎఫ్‌ఎం ఏఎం లాగా మెల్లమెల్లగా సన్నగిల్లదు. చాలా దూరం శుభ్రంగా ఉండి, ఒక గీత దాటాక ఠక్కున పడిపోతుంది. దాన్ని థ్రెషోల్డ్ ఎఫెక్ట్ అంటారు. ఈ "ఠక్కున" అన్న మాట గుర్తుంచుకోండి, డిజిటల్‌లో మళ్లీ అవసరం. ఎఫ్‌ఎంలో ఏ సైడ్‌బ్యాండ్ ఎంత ఉందో చెప్పే బెస్సెల్ ఫంక్షన్ల పట్టిక గురించి టెన్షన్ పడకండి. ఎఫ్‌ఎం ఇండెక్స్ (ఊగులాటను శబ్దం ఫ్రీక్వెన్సీతో భాగిస్తే వచ్చేది) 2.405 దగ్గర క్యారియర్ సున్నా అవుతుందన్నది గుర్తుంటే ఈ దశకు చాలు.

డిజిటల్ సగానికి ఫోనే ల్యాబ్

లాప్‌టాప్‌లో 48000 శాంపిల్ రేటుతో 5 కిలోహెర్ట్జ్ టోన్ తయారుచేసి వినండి. ఇప్పుడు ప్రతి ఆరు శాంపిళ్లలో ఒకటి మాత్రం ఉంచి, 8000 రేటుతో మోగించండి. వినిపించేది 5 కాదు, 3 కిలోహెర్ట్జ్. టోన్‌ను 5 నుంచి 6కు పెంచితే వినిపించేది 2కు దిగుతుంది. మనం ఎక్కుతుంటే అది దిగుతుంది! ఇదే ఏలియాసింగ్. సౌండ్ ఎడిటర్‌లో రేటు మారిస్తే ఇది వినిపించదు, ఎందుకంటే అది ముందే ఫిల్టర్ వేసేస్తుంది. అందుకే మీ చేత్తో కోడ్ రాసి శాంపిళ్లు పీకేయండి. తర్వాత 4 కిలోహెర్ట్జ్ లోపాస్ ఫిల్టర్ పెట్టి మళ్లీ చేయండి. నైక్విస్ట్ రేటు (శబ్దం ఫ్రీక్వెన్సీకి రెండింతల శాంపిల్ రేటు) మీద ఇక పాఠం వినక్కర్లేదు.

ఫోన్లో పేరు స్పెల్లింగ్ చెప్తుంటే అవతలివాళ్లు "ఎస్సా, ఎఫ్ఫా?" అని అడగడం మనందరికీ తెలుసు. పాత టెలిఫోన్ పద్ధతి 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే పంపుతుంది. "స", "ఫ" తేడా చాలావరకు దానికి పైన ఉంటుంది. 3400 వరకే కాబట్టి సెకనుకు 8000 శాంపిళ్లు, ఒక్కోదానికి 8 బిట్లు, 64 కిలోబిట్లు. దీన్నే పీసీఎం అంటారు. అలాంటివి 30 గొంతులు, సిగ్నలింగ్‌కూ సింక్‌కూ రెండు, మొత్తం 32 కలిస్తే 2.048 మెగాబిట్ల ఈ1 లైన్. వోల్టీలో 7000 హెర్ట్జ్ దాకా పంపే కోడెక్ నడిస్తే అవే పేర్లు ఒక్కసారికే అర్థమవుతాయి. క్వాంటైజేషన్‌ను (శాంపిల్ విలువను దగ్గరి మెట్టుకు సర్దడం) కూడా చెవితోనే చూడండి: మీ గొంతు రికార్డు చేసి 8 బిట్లు, 4 బిట్లు, 2 బిట్లుగా తగ్గిస్తూ వినండి. బిట్‌కు 6 డీబీ అన్న సూత్రం అక్కడ వినిపించే హోరే. డెల్టా మాడ్యులేషన్, లైన్ కోడ్లు బొమ్మలు గీస్తే వచ్చేస్తాయి, వాటి మీద ఎక్కువ రోజులు పెట్టకండి.

ఎక్కువ రోజులు పెట్టాల్సింది నాయిస్‌తో బిట్ల యుద్ధం మీద. లక్ష బిట్లు తీసుకోండి, 1కి ప్లస్, 0కి మైనస్ అని బీపీఎస్‌కేగా మార్చండి, గాసియన్ నాయిస్ కలపండి, గుర్తు చూసి తిరిగి బిట్లు చేసి తప్పులు లెక్కపెట్టండి. ఇరవై లైన్ల కోడ్. బిట్ ఎనర్జీకి నాయిస్‌కు నిష్పత్తి 0 డీబీ దగ్గర దాదాపు 7900 తప్పులొస్తాయి. 4 దగ్గర 1250. 7 దగ్గర 80 లోపు. 9.6 దగ్గర ఒక్కటో, అసలు లేకుండానో. మీ లెక్క వీటికి దగ్గరగా రాకపోతే నాయిస్ వేరియన్స్‌లో రెండుతో భాగించడం మర్చిపోయి ఉంటారు, ముందు అక్కడ వెతకండి.

ఈ అంకెలు రాసుకున్నాక వానాకాలం సాయంత్రం డీటీహెచ్ టీవీ ముందు కూర్చోండి. పాత దూరదర్శన్ సిగ్నల్ తగ్గితే తెర మీద చుక్కలు పడేవి, మనిషి రూపు మాత్రం కనిపించేది. డిష్‌లో అలా ఉండదు. సుమారు 12 గిగాహెర్ట్జ్ తరంగాన్ని వాన చినుకులు పీల్చేస్తుంటే బొమ్మ ఏమీ ఎరగనట్టు నడిచి, నడిచి, గళ్లు గళ్లుగా విరిగి ఆగిపోతుంది. మీరు లెక్కపెట్టిన 80 తప్పులు మూడు డీబీలు తగ్గగానే వెయ్యి దాటాయి చూశారా, తెర మీద జరిగింది అదే.

పరీక్ష నెలలో

అప్పటికి డెరివేషన్లు రాసి చూసుకోవాలి, తప్పదు. ఏఎం పవర్, నారోబ్యాండ్ ఎఫ్‌ఎం, పీసీఎం క్వాంటైజేషన్ నాయిస్, బీపీఎస్‌కే ఎర్రర్ ప్రాబబిలిటీ మాత్రం కాగితం చూడకుండా రావాలి. బ్లాక్ డయాగ్రమ్ గీసేటప్పుడు డబ్బాల పేర్లతో ఆపకండి. సూపర్‌హెట్ అయితే యాంటెన్నా బాణం మీద 738, ఆసిలేటర్ బాణం మీద 1193, మిక్సర్ తర్వాత 455, డిటెక్టర్ తర్వాత 0 నుంచి 4.5 అని రాయండి. పీసీఎం అయితే శాంప్లర్ తర్వాత 8000, ఎన్‌కోడర్ తర్వాత 64000. నా ల్యాబ్ రికార్డుల్లో అంకెలు లేని బాణం కనిపిస్తే ఆ పేజీ తిరిగి ఇచ్చేస్తాను.